గాలిని తూచు త్రాసు

గత సంవత్సరము వార్షికోత్సవమునాడు మన పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో, కిటికీప్రక్క బల్లపై, అరచేతిలో ఇముడు నల్లని ప్లాస్టిక్ వస్తువొకటి ఉంచబడియుండెను. దానికి ఒకప్రక్క 12 వోల్టుల బ్యాటరీయు, సెల్‌ఫోను చార్జరును, మరియొకప్రక్క వోల్టుమీటరును తగిలించి, తొమ్మిదవ తరగతి బాలికయొకతె దానిలోనికి నోటితో ఊదుచుండగా మీటరుముల్లు పైకి లేచుచుండెను. "ఇదేమిటమ్మా?" అని అడిగిన పెద్దలకు ఆ బాలిక "గాలిని తూచే త్రాసండీ" అని జవాబు చెప్పెను. కొందరు నవ్విరి, కొందరు గాలికి బరువేమిటని వాదమునకు దిగిరి. ఆ వస్తువును పాఠశాలకిచ్చినవాడను నేనగుటచేత, దాని కథను తల్లిదండ్రులకు తెలియునట్లు వ్రాయుమని సంచిక నిర్వాహకులు కోరిరి. నేను వ్రాతగాడను గాను. బెంగుళూరులో చాలకాలముగా మోటారు షెడ్డు నడుపుకొనుచున్నవాడను. గ్రీజు అంటిన చేతితో కలము పట్టుచున్నాను గనుక తప్పులున్నచో చదువరులు మన్నింతురు గాక.

ఆ వస్తువు జర్మనీ దేశపు స్పోర్ట్స్ కారునుండి విప్పబడినది. షెడ్లలో దీనిని ఎయిర్‌ఫ్లో మీటరు అందురు. కుర్రవాండ్రు కురచగా మాఫ్ అందురు. తెలుగున వాయురాశిమాపకము అనవచ్చును గాని, ఆ పేరు చెప్పి అంగడిలో అడిగినచో ఎవ్వరును ఇయ్యరు. గనుక ఈ వ్యాసములో మీటరు అనియే వ్రాయుచున్నాను.

పెట్రోలు ఒంటరిగా మండదని అందరెరిగినదే. దానికి గాలి కావలెను. ఎంత కావలెననునది తూకముతో చెప్పవలసిన లెక్క: 1 కిలో పెట్రోలు పూర్తిగా దహనమగుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల గదిలో పట్టు గాలి అంతయు దాదాపు అంత తూగును. అనగా సోడాసీసాలు రెండు నిండునంత పెట్రోలు ఒక గదియంత గాలిని మ్రింగునన్నమాట. గాలి ఇంతకంటె తగ్గినచో పెట్రోలు సగము మండి నల్లని పొగయగును, డబ్బు పొగగొట్టమున పోవును. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గినచో ఇంజను తడబడును; బలముగా లాగుచున్న సమయమున ఇట్లు జరిగినచో లోపల వేడి మితిమీరి ముషలకములకు, కవాటములకు చేటు కలుగవచ్చును. మొదటిది జేబుకు నష్టము, రెండవది ఇంజనుకే నష్టము.

తూకమని ఎందుకంటినో చెప్పవలెను. మానికెడు బియ్యమును, మానికెడు అటుకులును కొలతకు సమానమే. తూకమునకు సమానము గావు. గాలియు అట్టిదే. చెన్నపట్టణపు సముద్రతీరమున ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగును. సముద్రమట్టమునకు 900 మీటర్ల పైనున్న బెంగుళూరులో అదే ఘనమీటరు పదవవంతు తగ్గును; 2200 మీటర్ల ఎత్తుననున్న ఉదకమండలములో అయిదవవంతు తగ్గును. కొలపాత్ర నిండినది గదాయని పెట్రోలును అదే మోతాదున పోసినచో కొండపైకి పోయినకొలది పెట్రోలు ఎక్కువగును. పూర్వపు అంబాసిడరు, ఫియటు కార్లు ఘాటురోడ్డు ఎక్కునపుడు నల్లపొగ చిమ్ముచు రొప్పుట పెద్దలు చూచియే యుందురు. వాటి కార్బురేటరుకు గాలిని తూచుట తెలియదు. ఎండకాలపు మధ్యాహ్నమునకు, మార్గశిరపు వేకువకు నడుమ కూడ ఈ తేడా కొంత ఉండును.

మరి కంటికి కనబడక, చేతికి చిక్కక పరుగెత్తిపోవు గాలిని తూచుటెట్లు? వేడిపాలగ్లాసుమీద ఊదినచో పాలు చల్లారును. గట్టిగా ఊదినచో త్వరగా చల్లారును. ఈ వంటింటి సత్యమే ఈ యంత్రమునకు మూలము. విద్యుత్తుతో వేడిచేసిన సన్నని తీగను గాలిలో ఉంచి, అది చల్లారకుండ ఒకే వేడిలో నిలుపుటకు ఎంత విద్యుత్తు కావలసివచ్చునో చూచినచో, పోవుచున్న గాలి యెంతో తెలియును. లూయీ వెస్సట్ కింగ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి తీగనుండి గాలి యెంత వేడిని గొనిపోవునో గణించి 1914లో ప్రకటించెను. చిక్కని గాలి ఎక్కువ వేడిని గొనిపోవును, పలుచని గాలి తక్కువ గొనిపోవును. గనుక కొండపైనను లోయలోనను లెక్క దానంతటదే సరిపోవును. ఇదే దీని సొగసు.

కార్లలోనికి ఇది రావడమునకు మాత్రము చాలకాలము పట్టెను. 1970ల నాటి ఇంజన్లలో గాలిత్రోవకు తలుపురెక్కవంటి పలక యొకటి అడ్డముగా నుండి, గాలి దానిని ఎంత నెట్టునో దానినిబట్టి లెక్క కట్టెడివారు. 1980ల ఆరంభమున ప్లాటినపు వేడితీగ వచ్చెను. ఆ తీగపై దుమ్ము పట్టునుగదా. అందువలన ఇంజను ఆపిన వెంటనే క్షణకాలము దానిని ఎర్రగా కాల్చి దుమ్మును బూడిదచేయు ఏర్పాటుండెడిది. పిమ్మట తీగకు బదులు సిలికాను పలుకుపై పరచిన పలుచని పొర వచ్చినది. దాని నడుమ వేడిచేయు భాగము, ముందొకటి వెనుకొకటి ఉష్ణమును గ్రహించు భాగములు రెండు. గాలి కదలకున్నచో రెండిటి వేడియు సమానము. గాలి వీచినచో ముందరిది చల్లబడును, వెనుకది అంతగా చల్లబడదు. ఆ తేడాయే కొలత. గాలి వెనుకకు తన్నినను కనిపెట్టగల తెలివి దీనికున్నది. అయితే దుమ్మును కాల్చుకొను శక్తి మాత్రము లేదు.

పాఠశాలలోనున్న మీటరు జర్మనీలోని బాష్ సంస్థవారు చేసినది. ఆ పేరు మనకు కొత్తదిగాదు. ఆడుగోడిలోని మైకో కార్ఖానాను ఎరుగని బెంగుళూరివారుండరు. ఆ సంస్థయే 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చుకొన్నది. మా చిన్ననాట స్పార్కు ప్లగ్గు అన్నచో మైకో ప్లగ్గే.

ఇక కారు సంగతి. దాని పేరు పోర్షె బాక్స్‌టర్. దీని నమూనాను 1993 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ ప్రదర్శనలో చూపిరి. 1996లో అమ్మకమునకు వచ్చినది. స్టుట్‌గార్ట్ నగరమునందే గాక, కొన్ని సంవత్సరములు ఫిన్లండు దేశమున కూడ ఈ బండ్లు తయారైనవి. దీని ఇంజను ముందునను గాక, వెనుకనను గాక, కూర్చుండు ఇద్దరి వీపువెనుకనే నడుమ నుండును. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున ఇరుప్రక్కల పడుకొనియుండి, పిస్టన్లు మల్లయోధుల పిడికిళ్లవలె ఎదురెదురుగా ఆడును. పైకప్పు గుడ్డది, మడచి వెనుకకు వేసికొనవచ్చును. చూడముచ్చటయైన బండియే గాని, ఇంజనును చూడవలెనన్న మాత్రము మెకానిక్కు యోగాసనములు వేయవలెను.

2014లో అట్టి బండి యొకటి మా షెడ్డుకు వచ్చెను. 2001నాటిది, 2.7 లీటర్ల ఇంజను. దాని యజమాని ఎన్నో ఏండ్లు కూడబెట్టి పాతబండిని కొనుక్కొన్న ఉద్యోగస్థుడు. బండి నిలిచియుండగా ఇంజను తడబడుచున్నదనియు, హోసూరు రోడ్డున గట్టిగా త్రొక్కినపుడు మునుపటి ఊపు లేదనియు, మీటర్లపలకపై ఇంజను దీపము వెలుగుచున్నదనియు చెప్పెను. యంత్రము తగిలించి చూడగా మిశ్రమము పలుచబడినదను సందేశము వచ్చెను; అనగా గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అంతకుముందు అదే జాతి బండ్లు రెండింటికి నేను ఈ మీటరు మార్చి బాగుచేసియుంటిని. గనుక ఆలోచింపక "మీటరు పోయినది" అని తీర్పు చెప్పితిని.

అసలైన మీటరు విదేశమునుండి వచ్చుటకు మూడువారములు పట్టును. దాని వెల ఆనాడు మా షెడ్డు కుర్రవాని రెండునెలల జీతమునకు పైమాట. ఊరి అంగడిలో అచ్చముగా అటువంటిదే మూడవవంతు ధరకు దొరకెను. డబ్బా అదే, అక్షరములు అవే. యజమాని "ఇది అసలుదేనా?" అని అడిగెను. "అదే సార్, డబ్బా చూడండి" అంటిని. ఆ మాట ఈనాటికిని నాకు ముల్లువలె గ్రుచ్చుకొనును. నకిలీదని నాకు నిశ్చయముగా తెలియదు. అసలుదనియు నిశ్చయముగా తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పితిని.

నాలుగుదినములకు బండి తిరిగివచ్చెను. నిలిచినపుడు తడబాటు పోలేదు; పైగా లాగుడు మరింత తగ్గినది. నేను తలగోకికొనుచుండగా, మా షెడ్డులో పని నేర్చుకొనుచున్న కుర్రవాడు, మన పాఠశాలలో పదవతరగతి ముగించి ఆ యేడే చేరినవాడు, "అన్నా, ఎడమవైపు ఎక్కడో బుస్సుమంటోంది, వినండి" అనెను. యజమాని ఎదుట కుర్రవాడు నాకు పాఠము చెప్పుట నాకు కిట్టలేదు. "ఇంజను గాలి పీల్చకుంటే ఏం పీలుస్తుందిరా, పో, ఆ పానాలు తుడు" అని కసరితిని. వాడు మారుమాటాడక పోయెను.

ఆ రాత్రి షెడ్డు మూసినపిదప, సందేశమును గాక అంకెలను చూచుటకు కూర్చుంటిని. ఇచ్చట చదువరులు కొంచెము ఓపిక పట్టవలెను. ఈ వ్యాసములో గట్టివిషయము ఇదే.

మీటరు గాలిని తూచి చెప్పగా, కారులోని కంప్యూటరు తగినంత పెట్రోలును పోయును. పోసినది సరిపోయినదో లేదో చూచుటకు పొగగొట్టమున ప్రాణవాయువును వాసనచూచు ముక్కువంటి సాధనముండును. పెట్రోలు తగ్గినదని ఆ ముక్కు చెప్పినచో కంప్యూటరు మరికొంత కలుపును. ఎంత కలుపవలసివచ్చుచున్నదో గుర్తుంచుకొనును. వంటమనిషి ఉప్పు చాలలేదని అలవాటుగా రెండవచిటికెడు వేయుటవంటిది. ఈ సవరణను కంప్యూటరు రెండు పద్దులలో వ్రాసికొనును: ఇంజను ఊరక నిలిచి తిరుగునపుడు ఒకటి, బరువు లాగునపుడు ఒకటి. రెండు పద్దులను ప్రక్కప్రక్కన చూచిన దొంగ దొరకును.

ఎట్లనగా, నిలిచి తిరుగునపుడు ఈ ఇంజను గంటకు సుమారు 16 కిలోల గాలిని మాత్రమే పీల్చును. మీటరు దాటిన తరువాత గొట్టములో ఎక్కడనో చీలికయుండి దానిగుండా గంటకు 2 కిలోల దొంగగాలి చొరబడినదనుకొందము. అది ఎనిమిదవవంతు, ఇంజను తడబడక మానదు. అదే ఇంజను పూర్తిబలమున గంటకు 470 కిలోలు పీల్చునపుడు ఆ 2 కిలోలు నూటికి అర కూడ గాదు. కావున చీలికయున్నచో మొదటి పద్దు చెడును, రెండవపద్దు చెక్కుచెదరదు. మీటరు మురికిపట్టి తక్కువ తూచుచున్నచో రెండవపద్దు చెడును. నేను చూచినపుడు రెండును చెడియుండెను. అనగా దొంగలు ఇద్దరు. మీటరు మార్చకముందు మొదటి పద్దును ఒక్కమారు చూచియున్నచో అంగడికి పరుగెత్తక కుర్రవాని మాట వినియుందును.

మరునాటి ఉదయము వాని చేతనే వెదకించితిని. ఇంజనులోని నూనెఆవిరిని వేరుచేయు డబ్బాకు తగిలియుండు మడతలగొట్టము క్రింది మడతలో చీలియుండెను. పైనుండి కంటికి కనబడదు. వాడు వ్రేలితో ఆ చీలికను మూయగానే బుస ఆగి ఇంజను మెత్తగా తిరిగెను. వ్రేలు తీయగానే మరల తడబడెను. కొత్త గొట్టము వేయగా మొదటి పద్దు రెండుదినములలో సరిపడెను. ఆ గొట్టము వెల ఆ మీటరు వెలలో చాల చిన్నభాగము.

ఇక రెండవ దొంగ. నేను కొన్న నకిలీ మీటరును తీసి పాతదానిని మరల పెట్టి, బండిని 6000 తిరుగుళ్లవరకు లాగి చూచితిమి. నిజముగా ఎంత గాలి పోవలెనో లెక్కవేయుట పిల్లలకు కూడ సాధ్యమే. 2.7 లీటర్ల ఇంజను రెండు తిరుగుళ్లకొకమారు నిండును. నిమిషమునకు 6000 తిరుగుళ్లయిన 8100 లీటర్లు, గంటకు 486 ఘనమీటర్లు. బెంగుళూరు గాలి ఘనమీటరు 1.05 కిలోలు తూగునని కొన్నచో 510 కిలోలు. సిలిండర్లు నూటికి నూరుపాళ్లు నిండవు గనుక నూటికి 92 వంతుల లెక్కన 470 కిలోలు. మాకు నకిలీ మీటరు చూపినది 390. పాత మీటరు చూపినది 410. అనగా పాతదియు ముసలిదే, నకిలీది అంతకంటె కొరగానిది. పూర్తిగా త్రొక్కినపుడు కంప్యూటరు పొగగొట్టపు ముక్కుమాట వినుటకు ఆగదు. మీటరు మాటను, మునుపు గుర్తుంచుకొన్న సవరణను నమ్మి పోయును. మీటరు తక్కువ చెప్పినచో చాలినంత పెట్రోలు పడకపోవచ్చును. ఇంజనుకే నష్టమని మొదట చెప్పినది ఇదియే.

పాతమీటరు ఎందుకు చెడినదనగా, యజమాని ఎవరో చెప్పగా విని, నూనెతో తడిపిన దూది ఫిల్టరును వేయించియుండెను. దానికి నూనె అతిగా పూసినచో ఆ నూనె తుంపరలై పోయి మీటరులోని సన్నని పొరపై పేరుకొనును; దానిపై దుమ్ము అంటుకొనును. దీనికొరకే అమ్ము స్ప్రే కలదు. దానితో రెండుమూడు మారులు కడిగి, వ్రేలుగాని బట్టగాని తగిలించక, పూర్తిగా ఆరనిచ్చి మరల పెట్టితిమి. కార్బురేటరు కడుగు మందును ఇందుకు వాడరాదు, పొర చెడును. కడిగినపిదప 425 చూపెను. మెరుగే గాని చాలదు. తీగను ఊడబెరికి నడిపినచో బండి మరింత హాయిగా నడచెను. ఏలయన మీటరు పలుకనపుడు కంప్యూటరు త్రొక్కుడునుబట్టి, తిరుగుళ్లనుబట్టి తానే అంచనా కట్టుకొనును. తప్పుచెప్పు సాక్షికంటె సాక్షి లేకుండుటయే మేలైనదన్నమాట. అప్పుడు గాని మీటరు మార్చవలెనని నిశ్చయింపలేదు. అసలైనది తెప్పించితిని, నా ఖర్చుతోనే.

మార్చుట చాల తేలిక, అరగంట పని. తాళము తీసివేసి, గుడ్డకప్పును సగము తెరచి, దాని వెనుకభాగమును ఊడదీసి పైకెత్తి కట్టవలెను. క్రింద తివాచీ, దానిక్రింద ఇంజనుమూత; త్రిప్పుబిళ్లలు తీసిన మూత వచ్చును. ఎడమప్రక్క ఫిల్టరుడబ్బానుండి ఇంజనుకు పోవు లావుగొట్టమునందే మీటరు గ్రుచ్చియుండును. దాని అయిదుతీగల కొక్కెమును నొక్కి లాగవలెను. పాతబండ్లలో ఆ ప్లాస్టిక్ కొక్కెము పెళుసై విరుగును, గనుక తీగలను పట్టి లాగరాదు. మీటరును పట్టియుంచు మరలు రెండు. వాటి తలలు నక్షత్రాకారముగా నుండి నడుమ చిన్నబొడిపె కలిగియుండును. నడుమ రంధ్రముగల 20వ నంబరు టార్క్స్ పానాతో తప్ప రావు. శ్రావణముతో పట్టి త్రిప్పజూచి తలలు అరగదీసిన వీరులను నేనెరుగుదును. మీటరును సూటిగా పైకి లాగి, గొట్టములో దుమ్ముగాని ఫిల్టరుపీచుగాని ఉన్నదేమో చూచి తుడువవలెను. కొత్తదాని రబ్బరువలయము మడతపడక కూర్చుండవలెను. దానిపైనున్న బాణపుగుర్తు గాలి పోవు దిక్కునకు, అనగా ఇంజనువైపునకు, చూడవలెను. మరలను వ్రేళ్ల బలముతో బిగించి ఆపవలెను; క్రిందిది ప్లాస్టిక్.

నూనెఫిల్టరును తీసి మామూలు కాగితపు ఫిల్టరు పెట్టితిమి. పాత సవరణలను యంత్రముతో చెరిపి, తాళము త్రిప్పి, ఇంజను కదలించకయే, పెడలు తాకకయే ఒక నిమిషము ఉంచి, ఆపి, పది సెకన్లు ఆగితిమి. 2000 తరువాతి బండ్లలో గాలితలుపు విద్యుత్తుతో కదలును గనుక అది తన మొదలు తుదలను తెలిసికొనుటకు ఇట్లు చేయవలెను. బ్యాటరీతీగ తీసినను సవరణలు చెరుగును గాని రేడియో రహస్యసంఖ్య అడుగును. ఆ చీటీ పోగొట్టుకొనని యజమానిని నేనింకను చూడలేదు. ఇంజను ఆగి తాళము త్రిప్పియున్నపుడు మీటరు సుమారు 1 వోల్టు చూపెను. అది సరియైన గుర్తు. లాగి చూడగా 468. రెండవపద్దు నూటికి 14 నుండి 2కు దిగెను.

మీలో పలువురి చిన్నకార్లలో ఈ మీటరు ఉండకపోవచ్చును. గాలిని తూచుటకు బదులు గొట్టములోని పీడనమును కొలిచి లెక్కగట్టు సాధనము పెక్కింటిలో నుండును. అయినను దీపము వెలిగినపుడు, ఈ భాగము పోయినదని ఎవరైన చెప్పినపుడు, "రెండు పద్దులు చూచితివా?" అని అడుగుడు. షెడ్డువాడు వాటిని సవరణ అంకెలనియో, ఫ్యూయల్ ట్రిమ్ అనియో అనును. విప్పిన పాతభాగమును అడిగి తీసికొనుడు. అడిగినందుకు మంచి మెకానిక్కు కోపపడడు. నేను కోపపడియుందునేమో, 2014కు ముందు.

యజమానికి జరిగినదంతయు చెప్పి, నకిలీ మీటరునకు పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఇచ్చితిని. ఆయన ఒక్కమాటయు అనక లెక్కపెట్టుకొని పోయెను. మరల ఆ బండి మా షెడ్డుకు వచ్చుటకు ఎనిమిదినెలలు పట్టినది. కుర్రవానికి అందరియెదుట క్షమాపణ చెప్పితిని. వాడు సిగ్గుపడి బయటికి పరుగెత్తెను. ఇప్పుడు హోసూరులో సొంతషెడ్డు పెట్టుకొన్నాడు. మొన్నమొన్నటివరకు కొడుకును పై చదువునకు పంపలేదని చింతించుచుండిన వాని తండ్రిగారు ఈ సంచికను చదువువారిలో ఒకరు. ఆయనకు ఈ కథ ఇంతవరకు తెలియదు.

వార్షికోత్సవమునాడు బల్లపైనున్నది ఆ కారు పాతమీటరు. ఈ యేడు దానిప్రక్కన రెండవదియు పెట్టుదురు. ఒకే ఊదుటకు రెండును ఎంతెంత చూపునో పిల్లలు అట్టపై వ్రాయుచున్నారు. ఎర్రదారము కట్టినది నేను కొన్నది.